నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో నెలవారీ సిప్: ఎలా పెట్టుకోవాలి, మీ డబ్బు ఎటు వెళ్తుంది

జీతం పడిన నాలుగైదు రోజులకు మీ ఖాతాలోంచి 5,000 రూపాయలు వాటంతట అవే కట్ అవుతాయి. దేశంలోని 50 పెద్ద కంపెనీల షేర్లలోకి వెళ్తాయి. మళ్లీ నెలా అంతే. మీరు యాప్ తెరవక్కర్లేదు, ఏ షేరు కొనాలో ఎవర్నీ అడగక్కర్లేదు. ఇండెక్స్ ఫండ్‌లో సిప్ అంటే ఇదే.

ఈ పని ఏళ్ల తరబడి ఆగకుండా నడవాలంటే మాత్రం మొదట్లో ఒక పూట కూర్చుని కొన్ని విషయాలు సరిగ్గా పెట్టుకోవాలి. ఏ ఫండ్ మంచిదా అని వారాల తరబడి ఆలోచించేవాళ్లే తారీఖు, మ్యాండేట్ (ఖాతాలోంచి కట్ చేసుకోవడానికి బ్యాంకుకు ఇచ్చే అనుమతి), పేరులో అక్షరాలు లాంటి వాటిని పట్టించుకోరు. నేను చూసినంతలో సిప్‌లు ఆగిపోయేది అక్కడే. లేదంటే మార్కెట్ బాగా పడిన నెలలో, భయంతో. ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

సిప్ కంటే ముందు

క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ముందు అది తీర్చండి. కార్డు మీద ఏడాదికి 36 నుంచి 42 శాతం వడ్డీ పడుతుంటే, ఏ ఫండూ దాన్ని మించి ఇవ్వదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన చేబదులు ఉన్నా ఇదే మాట.

తర్వాత, కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో సేవింగ్స్‌లోనో ఉంచండి. ఇది లేకుండా సిప్ మొదలుపెడితే ఉద్యోగం పోయినప్పుడో, ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ వచ్చినప్పుడో ఆ యూనిట్లనే, అంటే ఫండ్‌లో మీరు కొన్న వాటాలనే, అమ్ముకోవాల్సి వస్తుంది. అప్పుడు మార్కెట్ కింద ఉంటే నష్టానికే అమ్ముతారు. మీ మీద ఆధారపడినవాళ్లుంటే టర్మ్ ఇన్సూరెన్స్, అందరికీ ఆరోగ్య బీమా కూడా ఉండాలి.

ఇంకోటి: ఈ డబ్బు కనీసం ఏడేళ్ల దాకా అక్కర్లేనిదై ఉండాలి. రెండేళ్లలో అమ్మాయి పెళ్లో, వచ్చే ఏడాది ఫ్లాట్ అడ్వాన్సో ఉంటే ఆ సొమ్ము ఇక్కడ పెట్టకండి.

ఇండెక్స్ ఫండ్ లోపల ఏం జరుగుతుంది

నిఫ్టీ 50 అనేది నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ వాళ్ల సూచీ (ఇండెక్స్), అంటే కొన్ని కంపెనీల షేర్లు కలిపి ఎంత పెరిగాయో, ఎంత తగ్గాయో చూపే అంకె. 1995 నవంబరు 3ను ఆధారంగా తీసుకుని, ఆ రోజు విలువను 1,000గా పెట్టి లెక్క మొదలుపెట్టారు. ఇందులో 50 పెద్ద కంపెనీలుంటాయి. మార్కెట్లో చేతులు మారడానికి అందుబాటులో ఉన్న షేర్ల విలువ ఎంత ఎక్కువైతే ఆ కంపెనీకి సూచీలో అంత ఎక్కువ వాటా. అందుకే హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్, ఐసీఐసీఐ బ్యాంక్, రిలయన్స్ లాంటివి పైన ఉంటాయి. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ లాంటివి చిన్న వాటాతో ఉంటాయి.

ఫండ్ మేనేజర్ ఇక్కడ తెలివితేటలు చూపించేది ఏమీ లేదు. సూచీలో ఏ కంపెనీ ఎంత శాతం ఉంటే, ఫండ్‌లోనూ అంతే ఉంచడం ఆయన పని. ఏటా రెండుసార్లు, మార్చిలోనూ సెప్టెంబరులోనూ, సూచీలోంచి కొన్ని కంపెనీలు బయటికి పోయి కొత్తవి లోపలికి వస్తాయి. ఫండ్ కూడా వాటిని అమ్మి వీటిని కొంటుంది. 2024 సెప్టెంబరులో మరో హైదరాబాద్ కంపెనీ దివీస్ ల్యాబ్స్ అలాగే బయటికి వెళ్లింది. ట్రెంట్, భారత్ ఎలక్ట్రానిక్స్ లోపలికి వచ్చాయి. ఆ రోజు ఇండెక్స్ ఫండ్ ఉన్నవాళ్లెవరూ వేలు కూడా కదపలేదు.

దీని విలువ తెలుగువాళ్లకు సత్యం కంప్యూటర్స్ సంగతి గుర్తుచేస్తే వెంటనే అర్థమవుతుంది. 2009 జనవరి 7న లెక్కల్లో మోసం జరిగిందని ఆ కంపెనీ చైర్మనే లేఖ రాసి ఒప్పుకున్నారు. ఒక్క రోజులో షేరు ముప్పావు వంతుకు పైగా పడిపోయింది. హైదరాబాద్‌లోనూ జిల్లాల్లోనూ 'మన కంపెనీ' అనే నమ్మకంతో ఆ ఒక్క షేరులోనే పొదుపంతా పెట్టుకున్న కుటుంబాలు ఎంత దెబ్బతిన్నాయో అప్పటివాళ్లకు తెలుసు. అప్పుడు సత్యం నిఫ్టీలో కూడా ఉంది. ఆ రోజు నిఫ్టీ సుమారు 6 శాతం పడింది. కొద్ది రోజుల్లోనే సత్యాన్ని సూచీ నుంచి తీసేసి ఆ స్థానంలో వేరే కంపెనీని పెట్టారు. ఇండెక్స్ ఫండ్ పెట్టుకున్నవాళ్లకూ నష్టం వచ్చింది, కానీ ఆ కంపెనీకి సూచీలో ఉన్న వాటా మేరకే వచ్చింది. షేరునే నమ్ముకున్నవాళ్లకు మాత్రం పొదుపే పోయింది.

ఇంత చెప్పినా ఒక విషయం దాచకూడదు. 50 కంపెనీలు కలిసి పడితే ఇండెక్స్ ఫండ్ కూడా పడుతుంది. దానికి అడ్డుకట్ట ఏదీ లేదు.

కేవైసీ, ఇంటిపేరు గొడవ

పాన్, ఆధార్, ఆధార్‌కు లింకైన మొబైల్ నంబరు, మీ పేరు మీద బ్యాంకు ఖాతా. ఇవి ఉంటే కేవైసీ ఇంట్లో కూర్చునే పూర్తవుతుంది. పాన్, ఆధార్ ఒకదానికొకటి లింకై ఉండాలి.

తెలుగువాళ్లకు ఇక్కడే ఓ చిక్కు వస్తుంది. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక, ఆధార్‌లో ఒక్క అక్షరం పొడి, బ్యాంకులో రెండు పొడి అక్షరాలు. 'కొత్తపల్లి వెంకట రమణ' ఒక చోట, 'కె.వి. రమణ' ఒక చోట, 'వెంకట రమణ కొత్తపల్లి' మరో చోట. మనిషి చూస్తే ఒకరే అని తెలుస్తుంది, కంప్యూటర్‌కు తెలియదు. కేవైసీ తిరిగొస్తుంది, లేదా బ్యాంకు ఖాతా సరిపోలలేదని మ్యాండేట్ రిజెక్ట్ అవుతుంది. కాబట్టి సిప్ గురించి ఆలోచించే ముందే పాన్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. తేడా ఉంటే పాన్‌లో ఉన్న పేరుకు మిగతావి సరిచేయించుకోవడం సులువైన దారి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లు ఇది మరింత జాగ్రత్తగా చూసుకోవాలి.

కేవైసీ స్థితిని కేఆర్ఏ సంస్థల (కేవైసీ రికార్డులు ఉంచే సంస్థలు) వెబ్‌సైట్‌లో పాన్ నంబరు కొట్టి చూడొచ్చు. 'వాలిడేటెడ్' అని ఉంటే ఏ ఫండ్ సంస్థలోనైనా మళ్లీ కాగితాలు ఇవ్వకుండా మొదలుపెట్టొచ్చు. 'రిజిస్టర్డ్' అని ఉంటే ఇప్పటికే ఉన్న ఫండ్ సంస్థలో కొనసాగొచ్చు, కొత్త సంస్థకు వెళ్తే మళ్లీ కేవైసీ ఇవ్వాల్సి రావచ్చు. 'ఆన్ హోల్డ్' అని ఉంటే ముందు దాన్ని సరిచేయండి. సాధారణంగా మొబైల్ నంబరో మెయిలో నిర్ధారణ కాకపోవడం కారణమై ఉంటుంది.

ఫండ్ ఎంచుకోవడం

ఇది అందరూ అనుకునేంత కష్టం కాదు. నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్లు పెద్ద సంస్థలన్నింట్లోనూ ఉన్నాయి. అన్నీ కొనేది అవే 50 కంపెనీలను, అదే వాటాలో. మీరు చూడాల్సింది ఖర్చు ఎంత, సూచీని ఎంత దగ్గరగా అనుసరిస్తోంది అనేవే.

పేరులో 'డైరెక్ట్' అని ఉన్న ప్లాన్ తీసుకోండి. 'రెగ్యులర్' ప్లాన్‌లో మధ్యవర్తి కమీషన్ ఖర్చులో కలిసి ఉంటుంది. అది మీ ఖాతాలోంచి విడిగా కట్ కాదు, రోజూ ఎన్ఏవీలోంచే, అంటే ఒక్కో యూనిట్ ధరలోంచే, పోతుంది, కనుక కంటికి కనిపించదు. 2013 జనవరి నుంచి ప్రతి ఫండ్‌కూ డైరెక్ట్ ప్లాన్ ఉండాల్సిందే. అర శాతం తేడా అంటే ఎంతో లెక్క వేసి చూడండి. నెలకు 5,000 చొప్పున 15 ఏళ్లు కడితే మీరు పెట్టేది 9 లక్షలు. ఏడాదికి 10 శాతం పెరుగుతుందనుకుంటే సుమారు 20.9 లక్షలవుతుంది. అదే 9.5 శాతమైతే సుమారు 19.95 లక్షలు. ఆ అర శాతానికి మీరు ఇచ్చుకున్నది 95 వేలు. అవే 50 కంపెనీలు కొన్నందుకు అంత ఇవ్వాలా అని ఆలోచించండి. మీకు నిజంగా దగ్గరుండి సలహా చెప్పి, మార్కెట్ పడినప్పుడు ఆపకుండా చూసుకునే మనిషి ఉంటే ఆ ఖర్చుకు అర్థం ఉంది. ఫారం నింపి మాయమయ్యేవాళ్లకైతే లేదు.

'గ్రోత్' ఆప్షన్ తీసుకోండి, అందులో లాభం ఫండ్‌లోనే ఉండి పెరుగుతుంది. మరొకటి 'ఐడీసీడబ్ల్యూ', పాతరోజుల్లో డివిడెండ్ ఆప్షన్ అనేవారు. అందులో మీ సొమ్ములోంచే కొంత తీసి మీకిస్తారు, దానిపై మీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. దీర్ఘకాలానికి దాంతో పని లేదు.

తర్వాత 'ట్రాకింగ్ డిఫరెన్స్' చూడండి. సూచీ ఏడాదిలో 12 శాతం పెరిగితే ఫండ్ 11.7 పెరిగిందనుకోండి, తేడా 0.3. ఇది తక్కువగా ఉండాలి, ఏటా దాదాపు ఒకేలా ఉండాలి. పోల్చేటప్పుడు మామూలు నిఫ్టీతో కాకుండా డివిడెండ్లు కలిపిన సూచీతో, అంటే టీఆర్ఐతో, పోల్చండి. నిధి పరిమాణం మరీ చిన్నదైతే ఈ తేడా పెరిగే అవకాశముంది, కాబట్టి కాస్త పాతదీ పెద్దదీ ఎంచుకోండి.

ఒక్క నిఫ్టీ 50 ఫండ్‌తో మొదలుపెట్టడం చాలని నా అభిప్రాయం. మూడు సంస్థల్లో మూడు నిఫ్టీ ఫండ్లు పెట్టుకుని డైవర్సిఫై చేశానని, అంటే డబ్బును వేర్వేరు చోట్ల పంచానని, అనుకునేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర ఉన్నది అవే 50 కంపెనీలు, మూడు పాస్‌వర్డ్‌లు. రెండేళ్లు గడిచి, ఒక పెద్ద పతనం చూసి, తట్టుకోగలిగాక కావాలంటే నిఫ్టీ నెక్స్ట్ 50 (నిఫ్టీ 50 తర్వాతి 50 పెద్ద కంపెనీల సూచీ) ఫండ్ కొంచెం కలుపుకోవచ్చు. అది మరింత ఎగిరి మరింత పడుతుంది.

ఎక్కడ కొనాలి

ఫండ్ సంస్థ వెబ్‌సైట్‌లోనే నేరుగా కొనొచ్చు. క్యామ్స్, కేఫిన్‌టెక్ అనే రెండు రిజిస్ట్రార్ సంస్థలు మదుపరుల రికార్డులు రాస్తాయి. వీటిలో కేఫిన్‌టెక్ మన హైదరాబాద్‌దే. ఈ రెండూ కలిసి పెట్టిన ఎంఎఫ్ సెంట్రల్‌లో మీ ఫండ్లన్నీ ఒకే చోట చూసుకోవచ్చు. బ్రోకింగ్ యాప్‌లలోనూ డైరెక్ట్ ప్లాన్లు దొరుకుతాయి. ఎక్కడైనా సరే, కొనే ముందు స్క్రీన్ మీద 'డైరెక్ట్', 'గ్రోత్' అన్న రెండు మాటలూ కళ్లారా చూశాకే ముందుకు వెళ్లండి.

యాప్ మూతపడితే డబ్బు ఏమవుతుందని చాలామందికి టెన్షన్. మీ యూనిట్లు యాప్ వాళ్ల దగ్గర ఉండవు. ఫండ్ రికార్డుల్లో మీ పాన్ మీద ఫోలియోగానో (ఫండ్ సంస్థలో మీ ఖాతా), మీ డీమ్యాట్ ఖాతాలోనో (షేర్లు ఉంచుకునే ఖాతా) ఉంటాయి. కాకపోతే డబ్బు ఎప్పుడూ ఫండ్ సంస్థ ఖాతాకో, క్లియరింగ్ కార్పొరేషన్‌కో (ఎక్స్ఛేంజ్ చెల్లింపులు చూసే సంస్థ) వెళ్లాలి. వ్యక్తి ఫోన్‌పేకో గూగుల్‌పేకో పంపమని ఎవరైనా అడిగితే అది మోసం. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో గ్యారంటీ రాబడి అని పిలిచేవాళ్లతో మాట్లాడనే వద్దు.

ఎంత, ఏ తారీఖు

నెలకు 500 రూపాయలతో చాలా ఫండ్లలో మొదలుపెట్టొచ్చు, కొన్నింట్లో 100తో కూడా. మొదటి ఆరు నెలలు మీకు ఏమాత్రం బరువనిపించని మొత్తమే పెట్టండి. ఆగకుండా నడిచే 3,000, నాలుగు నెలలకే ఆపేసే 10,000 కంటే మేలు.

ఏ తారీఖున కొంటే రాబడి ఎక్కువ అనే చర్చ వృథా. దీర్ఘకాలంలో తేడా లెక్కలోకి వచ్చేంత ఉండదు. చూడాల్సింది జీతం ఎప్పుడు పడుతుంది అనేదే. నెలాఖరుకు జీతం వచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు 3 నుంచి 5 మధ్య సరిపోతుంది. జీతం నాలుగైదు రోజులు అటూఇటూ అయ్యేవాళ్లు 10వ తారీఖు పెట్టుకోండి. ఇంటి లోను ఈఎంఐ 5న ఉంటే సిప్ 7న ఉంచండి, రెండూ ఒకేరోజు పెడితే ఏది ముందు కట్ అవుతుందో మీ చేతిలో ఉండదు. రైతులకూ, కమీషన్ మీద బతికేవాళ్లకూ, చిన్న వ్యాపారులకూ ఆదాయం నెలనెలా ఒకేలా రాదు. వాళ్లు చిన్న మొత్తంతో సిప్ పెట్టుకుని, పంట డబ్బు వచ్చినప్పుడో సీజన్ బాగున్నప్పుడో అదే ఫోలియోలో అదనంగా కొనుక్కోవచ్చు. అదనంగా కొనడానికి ఏ అనుమతీ అక్కర్లేదు.

మ్యాండేట్

బ్యాంకుకు 'ఈ సంస్థ అడిగినప్పుడు నా ఖాతాలోంచి ఇంతవరకు ఇవ్వు' అని మీరిచ్చే అనుమతే మ్యాండేట్. రెండు రకాలున్నాయి. ఒకటి నాచ్ (బ్యాంకుల ద్వారా వాయిదాలు కట్ చేసే వ్యవస్థ) ఈ-మ్యాండేట్, నెట్ బ్యాంకింగ్‌తోనో డెబిట్ కార్డుతోనో ఆధార్‌తోనో నమోదు చేసుకోవచ్చు. రెండోది యూపీఐ ఆటోపే, ఫోన్లో పిన్ కొడితే నిమిషంలో అయిపోతుంది. మ్యూచువల్ ఫండ్లకు యూపీఐ ఆటోపేలో మళ్లీ పిన్ అడగకుండా కట్ అయ్యే పరిమితిని 2023 డిసెంబరులో 15,000 నుంచి లక్ష రూపాయలకు పెంచారు. మీ బ్యాంకు పరిమితి వేరుగా ఉందేమో చూసుకోండి.

మ్యాండేట్ స్క్రీన్ మీద 25,000 అనో 50,000 అనో కనిపిస్తే కంగారుపడకండి. అది గరిష్ఠ పరిమితి. కట్ అయ్యేది మీరు సిప్‌లో రాసిన 5,000 మాత్రమే. కాస్త ఎక్కువ పరిమితితో ఇవ్వడం మంచిది కూడా, రేపు సిప్ పెంచుకున్నప్పుడు మళ్లీ కొత్త మ్యాండేట్ ఇచ్చే పని ఉండదు. కొందరు సరిగ్గా 5,000కే ఇస్తారు, ఏడాది తర్వాత 6,000కు పెంచుదామనుకుంటే మొదటికొస్తుంది.

మ్యాండేట్ ఆమోదం పొందిందో లేదో తేల్చుకున్నాకే సిప్ మొదలైనట్టు లెక్క. నమోదు చేసి వదిలేసి, మూడు నెలల తర్వాత ఒక్క వాయిదా కూడా కట్ కాలేదని చూసుకునేవాళ్లున్నారు. మొదటి రెండు నెలలు మెసేజ్ వచ్చిందో లేదో గమనించండి.

ఆ రోజు ఏం జరుగుతుంది

కట్ అయ్యే ముందు మెసేజ్ వస్తుంది, యూపీఐ ఆటోపేలో అయితే కనీసం 24 గంటల ముందు. తారీఖు రోజున డబ్బు పోతుంది. సెలవైతే తర్వాతి పనిరోజున. ఫండ్ ఖాతాలో డబ్బు మధ్యాహ్నం 3 గంటల లోపు చేరితే ఆ రోజు ఎన్ఏవీ, దాటితే మర్నాటిది. యాప్‌ల ద్వారా వెళ్లేటప్పుడు మధ్యలో ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. కట్ అయిన రోజు ఎన్ఏవీ కాకుండా డబ్బు చేరిన రోజు ఎన్ఏవీ పడుతుందని తెలిస్తే అనవసరపు ఫిర్యాదులు ఉండవు.

ఒక వాయిదాను దగ్గరగా చూద్దాం. మీరు కట్టింది 5,000. అందులో 0.005 శాతం స్టాంపు డ్యూటీ, అంటే 25 పైసలు. మిగిలింది 4,999.75. ఆ రోజు ఎన్ఏవీ 182.45 అయితే మీకు వచ్చేది 27.403 యూనిట్లు. స్టేట్‌మెంట్‌లో ఈ అంకెలు సరిపోయాయా అని ఒక్కసారైనా కాలిక్యులేటర్‌తో మీరే భాగించి చూసుకోండి. ఆ తర్వాత స్టేట్‌మెంట్ అంటే భయం పోతుంది.

ఖాతాలో డబ్బు లేకపోతే వాయిదా బౌన్స్ అవుతుంది. ఫండ్ సంస్థ జరిమానా వేయదు, కానీ బ్యాంకు వేస్తుంది, జీఎస్టీతో కలిపి ఒక్కోసారి 500 దాటుతుంది. నెలవారీ సిప్ వరుసగా మూడుసార్లు బౌన్స్ అయితే రద్దవుతుంది. డబ్బుకు ఇబ్బందిగా ఉందని ముందే తెలిస్తే 'పాజ్' పెట్టుకోండి, చాలా సంస్థలు కొన్ని నెలలు ఆపే వీలు ఇస్తాయి. తారీఖుకు కనీసం వారం ముందు పెడితే దారిలో ఉన్న వాయిదా కట్ కాకుండా ఉంటుంది.

మార్కెట్ పడిన నెల

ఈ మొత్తంలో కష్టమైన భాగం ఇదే, మిగతాదంతా కాగితాల పని.

నాలుగు నెలల లెక్క చూడండి. ఎన్ఏవీ మొదటి నెల 100, రెండో నెల 80, మూడో నెల 90, నాలుగో నెల మళ్లీ 100. నెలకు 5,000 చొప్పున మీకు వరుసగా 50, 62.5, 55.56, 50 యూనిట్లు వస్తాయి. మొత్తం 218 యూనిట్లు, విలువ సుమారు 21,800. పెట్టింది 20,000. మార్కెట్ ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చినా మీకు లాభం మిగిలింది. కారణం, 80 దగ్గర కొన్న ఆ 62.5 యూనిట్లు. భయపడి రెండో నెలలో ఆపేసినవాళ్లకు లేనిది అదే.

దీన్ని మంత్రంలా చెప్పేవాళ్లను మాత్రం నమ్మకండి. మార్కెట్ ఆగకుండా పైకే పోతే నెలనెలా పెట్టినవాళ్ల కంటే మొదటే మొత్తం పెట్టినవాళ్లకే ఎక్కువ వస్తుంది. ఏళ్ల తరబడి పడుతూనే ఉంటే సిప్ కూడా నష్టంలోనే ఉంటుంది. సిప్ వల్ల నిజమైన మేలు ఇంకోటి: ఎప్పుడు కొనాలనే నిర్ణయం ప్రతి నెలా మీరు తీసుకోనవసరం లేదు.

జరిగినవి గుర్తుపెట్టుకోండి. 2008 జనవరిలో 6,300 దాటిన నిఫ్టీ అదే ఏడాది అక్టోబరు చివరికి 2,500 దగ్గరికి వచ్చింది. 2010 నవంబరులో మళ్లీ 6,300 తాకి, మళ్లీ తగ్గింది. ఆ స్థాయిని గట్టిగా దాటడానికి 2014 పట్టింది. ఆరేళ్లు! ఏడేళ్ల లోపు అవసరమయ్యే డబ్బు వద్దని మొదట్లో అన్నది ఇందుకే. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు జనవరిలో 12,400 దరిదాపుల్లో ఉన్న నిఫ్టీ మార్చి 23న ఒక్కరోజే 13 శాతం పడి 7,610 దగ్గర ముగిసింది. ఆ వారంలో ఇక ప్రపంచం కోలుకోదని టీవీల్లో చెప్పారు. నవంబరుకల్లా నిఫ్టీ పాత స్థాయికి వచ్చేసింది. ఏప్రిల్, మే వాయిదాలు ఆపేసినవాళ్లు చవకగా వచ్చే యూనిట్లు వదులుకున్నారు. అలా త్వరగా కోలుకుంటుందని ప్రతిసారీ అనుకోవడానికి లేదు, 2008 నాటి లెక్క పక్కనే ఉంది.

అందుకే మొదలుపెట్టే రోజే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: నిఫ్టీ 30 శాతం పడితే నేను చేసేది ఏమీ లేదు, సిప్ నడుస్తుంది. సంతకం చేసి, వీలైతే భార్యకో భర్తకో చూపించండి. పడిన రోజున ఆ నిర్ణయం కొత్తగా తీసుకోవాల్సి రాకూడదు. ఫోన్లో ఫండ్ యాప్ నోటిఫికేషన్లు ఆపేయండి. ఆరు నెలలకోసారి చూసుకుంటే చాలు.

పెంచుకోవడం

జీతం పెరిగిన నెలలోనే సిప్ పెంచండి. చాలాచోట్ల 'స్టెప్ అప్' అనే ఆప్షన్ ఉంటుంది, ఏటా 10 శాతం అని పెడితే అదే పెరుగుతుంది. మ్యాండేట్ పరిమితి దానికి సరిపోవాలి.

అమ్మేటప్పుడు పన్ను

ఇండెక్స్ ఫండ్ యూనిట్లు ఏడాది దాటాక అమ్మితే దీర్ఘకాలిక లాభం. ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాది లోపు అమ్మితే లాభంపై 20 శాతం. 2024 జూలై 23 నుంచి ఈ రేట్లు అమల్లో ఉన్నాయి.

సిప్‌లో జనం తికమకపడేది ఒకటుంది. మీరు మూడేళ్ల కిందట మొదలుపెట్టినా, మొన్న నెల కట్టిన వాయిదాకు ఏడాది నిండినట్టు కాదు. ప్రతి వాయిదాకూ దాని తారీఖు నుంచే లెక్క. అమ్మేటప్పుడు ముందు కొన్న యూనిట్లు ముందు పోతాయి, కాబట్టి కొంత భాగమే అమ్మితే సాధారణంగా పాతవే వెళ్తాయి. ఉదాహరణకు దీర్ఘకాలిక లాభం 2 లక్షలు వస్తే, 1.25 లక్షలు తీసేసి మిగిలిన 75,000 మీద 12.5 శాతం, అంటే 9,375, దానిపై 4 శాతం సెస్సు కలిపి 9,750. ఈ 1.25 లక్షల లెక్కలో షేర్ల మీద వచ్చిన దీర్ఘకాలిక లాభం కూడా కలిపే చూస్తారు. అమ్మకం పెట్టిన రెండు మూడు పనిదినాల్లో డబ్బు మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది.

పిల్ల చదువుకు ఇంకా మూడేళ్లే ఉందంటే, అప్పటినుంచే విడతలుగా అమ్మి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి మార్చడం మొదలుపెట్టండి. ఫీజు కట్టే నెల దాకా ఆగితే ఆ నెల మార్కెట్ ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఇలా విడతలుగా అమ్మితే ఏటా ఆ 1.25 లక్షల మినహాయింపు కూడా కలిసొస్తుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సిప్ పెట్టి, తర్వాత డల్లాస్‌కో సిడ్నీకో వెళ్లిపోయినవాళ్లు చాలామంది పాత సేవింగ్స్ ఖాతాలోంచే వాయిదాలు కట్ కానిస్తుంటారు. ఇది కుదరదు. ఎన్ఆర్ఐ అయ్యాక ఆ ఖాతాను ఎన్ఆర్ఓగా (ఎన్ఆర్ఐలు ఇక్కడి సొమ్ము ఉంచుకునే ఖాతా) మార్పించుకోవాలి, ఫండ్ సంస్థలో కేవైసీ కూడా మార్చాలి. అమ్మినప్పుడు లాభంపై పన్ను ముందే కోసుకుని ఇస్తారు.

అమెరికాలో ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అక్కడి పన్ను చట్టం మన మ్యూచువల్ ఫండ్లను 'పీఎఫ్ఐసీ' (విదేశీ పెట్టుబడి కంపెనీ) కింద చూస్తుంది. ఫారం 8621 నింపాల్సి రావచ్చు, పన్ను కూడా భారంగా ఉంటుంది. కొన్ని భారతీయ ఫండ్ సంస్థలు అమెరికా, కెనడా నివాసుల నుంచి డబ్బే తీసుకోవు. అసలు మామూలు మదుపరుల కోసం ఇండెక్స్ ఫండ్‌ను 1976లో మొదలుపెట్టింది అక్కడే, వాన్‌గార్డ్ సంస్థలో జాన్ బోగల్. అమెరికాలో స్థిరపడ్డవాళ్లు కంపెనీ 401(కె) రిటైర్మెంట్ ఖాతాలోనే అక్కడి ఇండెక్స్ ఫండ్ ఎంచుకుంటే జీతంలోంచే ప్రతిసారీ కట్ అవుతుంది. ఇక్కడి సిప్ పెట్టే ముందు రెండు దేశాల పన్నులూ తెలిసిన సీఏతో ఒకసారి మాట్లాడండి.

నామినీ, ఇంట్లోవాళ్లు

ఫోలియో తెరిచేటప్పుడే నామినీ పేరు రాయండి. తర్వాత రాద్దామని వదిలేసిన ఫోలియోల్లో, మనిషి పోయాక, కుటుంబం వారసత్వ పత్రాల కోసం తిరగాల్సి వస్తుంది. పెళ్లికి ముందు తల్లి పేరు పెట్టి, పెళ్లయ్యాక మార్చనివాళ్లు ఒకసారి చూసుకోండి.

ప్రతి నెలా లావాదేవీ జరిగితే మీ పాన్ మీద ఉన్న ఫండ్లన్నీ కలిపి ఒకే స్టేట్‌మెంట్ మెయిల్‌కు వస్తుంది. ఏడాదికోసారి దాన్ని ప్రింట్ తీసి, ఫోలియో నంబరు, ఫండ్ పేరు, ఏ బ్యాంకు ఖాతాలోంచి పోతోంది, ఏ మొబైల్ నంబరుకు ఓటీపీ వస్తుంది అనేవి దానిపైనే పెన్నుతో రాసి, ఎల్‌ఐసీ బాండ్లు, ఇంటి కాగితాలు ఉండే బీరువాలోనే పెట్టండి. ఎక్కడ పెట్టారో ఇంట్లో కనీసం ఒకరికి చెప్పండి. మొబైల్ నంబరు మారితే అదే వారంలో బ్యాంకులోనూ ఫండ్‌లోనూ మార్పించుకోండి.